ఇరవై మూడో నంబరు ఆవిడ

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం ఆఫీసుది. ముందు పేజీల్లో కొత్త ఇస్త్రీ పెట్టె కొలతలున్నాయి కాబట్టి వెనక నుంచి రాస్తున్నాను. ఎవరైనా తెరిస్తే కొలతలే కనపడతాయి.

ఇవాళ కొత్త మేనేజరు పిలిచింది. ముప్పై మూడేళ్ళ మనిషి, మాట నెమ్మది. గొంతు చించుకునే మేనేజర్లను నలుగుర్ని చూశాను, ఎప్పుడూ భయపడలేదు. ఈవిడ "కూర్చోండి" అనేసరికి కుర్చీ అంచున కూర్చున్నాను.

"మీ పాత రిపోర్టులు చదువుతున్నాను. మీరు డిజైను చేసిన ప్రతి వస్తువూ అచ్చుకి వెళ్ళేముందు నలభైమంది ఆడవాళ్ళ చేత పట్టించి చూస్తారట కదా. చాలా మంచి పద్ధతి" అంది.

"అవును మేడం."

"ఈ ఇస్త్రీ పెట్టెకి ఇరవై నాలుగున పిడి పోతపోసే ఉక్కు అచ్చు కొయ్యటం మొదలుపెడతారు. కోశాక ఇక పిడి మార్చలేం. ఇరవయ్యో తారీఖున ఆ నలభైమందినీ ఇక్కడికే పిలవండి. నేనూ చూస్తాను."

"అలాగే మేడం."

ఎందుకన్నానో తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట నోటికి అలవాటు.

నలభైమంది లేరు. ఒక్కతే ఉంది. మా ఆవిడ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నీళ్ళ జగ్గు పిడి ఒకటి బంకమట్టితో చేసి, తడిగుడ్డ చుట్టి ఇంటికి తెచ్చాను. పొయ్యి పక్కన పెట్టాను. ఆవిడ పనిలో పనిగా దాన్ని ఎత్తి, దించి, "చిటికెన వేలు ఎక్కడ పెట్టుకోను, నెత్తిన పెట్టుకోనా?" అంది. రెండు మిల్లీమీటర్లు చెక్కాను. ఆ జగ్గు ఇప్పటికీ అమ్ముడుపోతోంది. అప్పటి పెద్దసారు "ఎంతమంది చేత పరీక్ష చేయించావ్?" అని అడిగితే ఒక్కరు అంటే బాగుండదని నలభై అన్నాను. ముప్పై అనొచ్చు. నలభై అన్నాను.

ఆ తరవాత నలభైమందికీ నంబర్లు, వయసులు, స్వభావాలు రాయాల్సి వచ్చింది. ఒకసారి మొదలయ్యాక అది పెద్ద కష్టం కాదు.

మార్చి 4, మంగళవారం

రిపోర్టుల ఫైలు ఇంటికి తెచ్చాను. ఎవరి గురించి ఏం రాశానో నాకే గుర్తులేదు. సగం చూసి బల్ల మీద వదిలి స్నానానికి వెళ్ళాను.

మార్చి 5, బుధవారం

మా ఆవిడ స్కూల్లో లైబ్రరీ చూస్తుంది. కాగితం కనపడితే చదవకుండా ఉండలేదు. ఇది నాకు పెళ్ళైన వారంలోనే తెలుసు. అయినా ఫైలు బల్ల మీద పెట్టాను.

పొద్దున లేచేసరికి అందులో పెన్సిల్ గీతలున్నాయి. పేజీ అంచుల్లో నంబర్లున్నాయి. లైబ్రరీ వాళ్ళ పద్ధతి.

"పదిహేడో నంబరు, వయసు నలభై ఒకటి. చిరాకు మనిషి. ప్రతిదానికీ వంక పెడుతుంది, చిటికెన వేలికి చోటు లేదంటుంది. ఈమె అభిప్రాయం పట్టించుకోనక్కర్లేదు" అని చదివింది. "చిటికెన వేలు సంగతి నేనన్న మాట. పట్టించుకోనక్కర్లేదా?"

"అది ఊరికే..."

"తొమ్మిదో నంబరు. చెయ్యి చిన్నది, నోరు పెద్దది. ఇదీ నేనే. ముప్పై ఒకటి, వివరించినా అర్థం చేసుకోదు. ఇదీ నేనే. మొత్తం ముప్పై తొమ్మిది మందీ నేనే. ఎక్కడెక్కడ ఏమన్నానో నాకు గుర్తుంది." పేజీ తిప్పింది. "ఇరవై మూడు ఎవరు?"

నేను అన్నం మెతుకులు లెక్కపెట్టాను.

"ఇరవై మూడో నంబరు. నెమ్మదస్తురాలు. చిరునవ్వుతో మాట్లాడుతుంది. చూపించిన వస్తువు చూపించినట్టే బాగుందంది. పదేళ్ళ నుంచీ ప్రతి రిపోర్టులో ఉంది. ఎవరండీ ఈవిడ?"

"ఎవరూ కాదు."

"ఎవరూ కాని మనిషి చిరునవ్వు మీకెలా తెలుసు?"

మార్చి 6, గురువారం

మాట్లాడటం లేదు.

మార్చి 8, శనివారం

ఆవిడ మాట్లాడకపోవటం వల్ల ఇల్లు ప్రశాంతంగా ఉంది. పని బాగా సాగుతుంది.

ఇస్త్రీ పెట్టె పిడి మట్టి నమూనా నిన్న సాయంత్రం మామూలుగా పొయ్యి పక్కన పెట్టాను. ఆవిడ దాన్ని ఒక్క వేలితో కూడా ముట్టుకోలేదు. దాని చుట్టూ పని చేసుకుంది. పొద్దునకి తడిగుడ్డ ఎండి, మట్టి నడుం మీద పగిలింది.

ఇప్పుడు మాటలు అమ్మాయి ద్వారా నడుస్తున్నాయి. దానికి పదిహేడేళ్ళు, పరీక్షలు దగ్గర పడ్డాయి.

"మీ నాన్నకి చెప్పు, ఆయన చొక్కాలు ఇస్త్రీ చెయ్యటం నా వల్ల కాదని. ఇరవై మూడో ఆవిడ చేత చేయించుకోమను."

"నాన్నా, అమ్మ చెప్తోంది..."

"వినపడింది. మీ అమ్మకి చెప్పు, అలాంటి మనిషి లేదని."

"అమ్మా, నాన్న..."

"వినపడింది. లేని మనిషికి చిరునవ్వు ఎందుకో అడుగు."

అమ్మాయి పుస్తకం మూసింది. "మీరిద్దరూ అయిదడుగుల దూరంలో ఉన్నారు. నేనేమన్నా పోస్టాఫీసునా?" అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

మార్చి 9, ఆదివారం

బాగా ఆలోచించాను. పిడికి కావలసింది ఒక చెయ్యి. నాకు రెండున్నాయి.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా చేతికే చేశాను. మందం ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. పట్టుకుంటే చేతి నిండా ఉంది. ఇన్నేళ్ళూ అనవసరంగా ఒకరి మీద ఆధారపడ్డానేమో. నాకు మొదటినుంచీ ముప్పై ఎనిమిదే ఇష్టం. ఆవిడే ప్రతిసారీ ముప్పై ఒకటికి దింపించేది.

చాలా అందంగా వచ్చింది. అద్దం ముందు పట్టుకుని చూశాను.

మార్చి 11, మంగళవారం

మేనేజరు మళ్ళీ పిలిచింది. చేతిలో పాత రిపోర్టు ఉంది.

"ఈ ఇరవై మూడో నంబరు ఆవిడ చాలా బాగున్నారు. పదేళ్ళుగా మన వస్తువులు వాడుతున్నారు, ప్రతిదీ మెచ్చుకున్నారు. కొత్త పెట్టె ప్రకటనలో ఈవిడ ఫొటో వేద్దామనుకుంటున్నాను. పరిచయం చేస్తారా?"

"ఆవిడ కొంచెం మొహమాటస్తురాలు మేడం."

"చిరునవ్వుతో మాట్లాడుతుందని రాశారు కదా."

"చిరునవ్వుతోనే మొహమాటపడుతుంది."

మేనేజరు నన్ను కాసేపు చూసింది. "అడిగి చూడండి" అంది.

ఇరవై మూడో ఆవిడ లేదని ఇంట్లో నిరూపించాలి. ఉందని ఆఫీసులో నిరూపించాలి. రెండింటికీ ఒక్కణ్ణే.

మార్చి 12, బుధవారం

ఇవాళ నేనే తెగించి మాట్లాడాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"నిజం చెప్తాను విను. ఇరవై మూడో నంబరు ఎవరూ లేరు. నేనే కల్పించాను."

మడతపెట్టటం ఆపింది. ఆరు రోజుల తరవాత నేరుగా నా వైపు చూసింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"పదేళ్ళు?"

"పదేళ్ళు."

"నేను ఎదురుగా ఉండి, కూర మాడిపోతున్నా వదిలేసి, మీ మట్టి పట్టుకుని ఇక్కడ నొక్కుకుంటోంది, అక్కడ జారుతోంది అని చెప్తుంటే, మీరు అవతల గదిలో కూర్చుని, లేని మనిషి చేత బాగుంది బాగుంది అనిపించుకున్నారా?"

ఆ కోణంలో నేను చూడలేదు.

"ఉన్న మనిషైనా నయం. రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని" అంది.

అప్పటి నుంచి అమ్మాయి ద్వారా కూడా మాటల్లేవు.

మార్చి 13, గురువారం

మట్టి నమూనా చూసి చెక్కతో అసలు సైజు పిడి చేసే మనిషిని ఆకురాయి అంటాం. అసలు పేరు వేరే. చేతిలో ఎప్పుడూ ఆకురాయి ఉంటుంది, మాట కూడా అలాగే గీసుకుంటుంది. నాకంటే ఆరేళ్ళు పెద్ద, నాతోపాటే చేరాడు.

నేనిచ్చిన మట్టిని కిటికీ వెలుగులో పెట్టి తిప్పి చూశాడు.

"ఇంట్లో గొడవా సారూ?" అన్నాడు.

"ఎందుకలా అడిగావు?"

"ఈసారి బొటనవేలు వేరే."

నాకు అర్థం కాలేదు. చెప్పాడు. ఇన్నేళ్ళలో నేను తెచ్చిన ప్రతి మట్టి మీదా ఒకే బొటనవేలి ముద్ర ఉండేదట. దాని మీద అడ్డంగా చిన్న కత్తిగాటు. నలభైమందికీ ఒకే చోట గాటు ఉండదు కదా అనుకునేవాడట.

"ఇరవై రెండేళ్ళుగా తెలిసి ఒక్క మాట అనలేదేం?"

"పిడి బాగా వచ్చేది. నాకెందుకు?" అన్నాడు. నేను చేసిన మట్టిని రెండు వేళ్ళతో బల్ల మీద పెట్టాడు. "ఇది గొడ్డలి పిడిలా ఉంది."

అతనికి కొత్త రకాలు నచ్చవు.

మార్చి 14, శుక్రవారం

చెక్క పిడి సాయంత్రానికి వచ్చింది. మంచి పనితనం, తిడుతూనే బాగా చేశాడు. పాత ఇస్త్రీ పెట్టె అడుగుకి బిగించి ఇంటికి తెచ్చాను. ఎలాగూ నా చొక్కాలు పదకొండు పేరుకున్నాయి.

ముందు గదిలో బల్ల మీద దుప్పటి పరిచి మొదలుపెట్టాను. ఆవిడ కుర్చీలో కూర్చుని పత్రిక చదువుతోంది. చదవటం లేదు, పేజీ తిప్పలేదు.

మొదటి చొక్కా చాలా బాగా వచ్చింది. రెండోదానికి కాలరు దగ్గర కొంచెం ఇబ్బంది. నాలుగోదానికి వేళ్ళు పూర్తిగా ముడుచుకోవటం మానేశాయి. ఆరోదానికి పెట్టె పక్కకి ఒరిగింది, చొక్కా జేబు మీద గోధుమరంగు ముక్కోణం పడింది. అచ్చు రెండు ముక్కలూ కలిసే చోట పిడి మీద సన్నటి గీత వస్తుంది. చెక్క మీద కూడా ఆకురాయి దాన్ని గీశాడు, ఎక్కడ వస్తుందో తెలియాలని. అది సరిగ్గా నా బొటనవేలి కింద పడింది. ఎనిమిదో చొక్కాకి బొబ్బ లేచింది.

ఇరవై రెండేళ్ళలో నేను మూడు ఇస్త్రీ పెట్టెలు చేశాను. వరసగా రెండు నిమిషాలకంటే ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యలేదు.

ఇదంతా అలవాటు లేకపోవటం వల్ల. పిడి తప్పేమీ లేదు.

తొమ్మిదో చొక్కా దగ్గర ఆపేశాను.

మార్చి 16, ఆదివారం

ఇంకో నాలుగు రోజులు. నలభైమందిని పోగుచెయ్యటానికి బయల్దేరాను. మనుషులు దొరక్కపోతారా అనుకున్నాను. దారిలో లెక్క వేసుకుంటే వీధిలోనే అరవైమంది ఆడవాళ్ళున్నారు.

పై అంతస్తు ఆవిడ తలుపు తీసి, "గురువారం పొద్దున మీ ఆఫీసుకి వచ్చి, పదేళ్ళుగా వస్తున్నానని చెప్పాలా?" అంది. అవునన్నాను. "మీ ఆవిడకి తెలుసా?" అంది. వచ్చేశాను.

ఎదురింటి ఆవిడ, "మా ఇంట్లో ఇస్త్రీ మా ఆయన చేస్తాడండీ, ఆయన్ని పంపనా?" అంది. మందుల షాపులో పనిచేసే అమ్మాయి, రిపోర్టులో తన వయసెంత రాశారని అడిగింది. యాభై రెండు అన్నాను. మందుల సీసాలు సర్దుకోవటం మొదలుపెట్టింది. కుట్టుమిషను ఆవిడ మాత్రం చెక్క పిడి చేతిలోకి తీసుకుని ఇలా అలా తిప్పి, "ఎవరు చేశారు ఇది?" అంది. నేనే అన్నాను. "పెళ్ళైందా?" అంది.

మొత్తం ముగ్గురు ఒప్పుకున్నారు. వాళ్ళలో ఒకామె మా అమ్మాయి స్నేహితురాలు, టిఫిను పెడతారా అని అడిగింది.

మార్చి 17, సోమవారం

సంచిలో చెక్క పిడి, జేబులో రాజీనామా. మూడు లైన్లే రాశాను. ఇరవై రెండేళ్ళకి మూడు లైన్లు చాలు.

మేనేజరు గదిలోకి వెళ్ళి కూర్చోకుండా చెప్పాను. "మేడం, నలభైమంది లేరు. మొదటినుంచీ లేరు. మా ఆవిడ ఒక్కతే. మిగతా అంతా నేను రాసిందే."

మేనేజరు పెన్నుకి మూత పెట్టింది.

"ఎప్పుడు చెప్తారా అని చూస్తున్నాను" అంది.

నేను కూర్చున్నాను.

"మొదటి వారంలోనే అనుమానం వచ్చింది. పదేళ్ళుగా నలభైమందిలో ఒక్కరూ ఇల్లు మారలేదు, ఒక్కరికీ జబ్బు చెయ్యలేదు. పదిహేడో నంబరు ఆవిడ వయసు పదేళ్ళ కిందటా నలభై ఒకటే, ఇప్పుడూ నలభై ఒకటే. పైగా నలభైమందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఎడమచేతివాటం లేరు. అలా ఎక్కడైనా ఉంటుందా?"

"మా ఆవిడది కుడిచెయ్యి మేడం."

"తెలుస్తోంది." పాత రిపోర్టు దగ్గరికి లాక్కుంది. "ఇరవై మూడో నంబరు కూడా..."

"లేదు మేడం."

"ప్రకటనలో ఆవిడ కోసం మాట కూడా రాయించాను" అంది. నిజంగా బాధపడినట్టే ఉంది.

జేబులోంచి కాగితం తీశాను. తీసుకోలేదు. "అది మీ దగ్గరే ఉంచండి. గురువారం ప్యాకింగు హాల్లో పనిచేసే ఆడవాళ్ళని నలభైమందిని పిలుస్తాను. నిజమైనవాళ్ళు. పిడి వాళ్ళకిస్తాం. సగానికంటే ఎక్కువమంది సరే అంటే అచ్చుకి పంపుతాను. లేకపోతే మీ కాగితం తీసుకుంటాను. పరీక్ష జరుగుతున్నంతసేపూ మీరు అక్కడే నిలబడాలి. ఒక్క మాట మాట్లాడకూడదు."

మాట్లాడకుండా ఉండటం ఇంట్లో బాగానే అలవాటైంది.

మార్చి 18, మంగళవారం

చెక్క పిడి పట్టుకుని ఇంకో చొక్కా చేశాను. గొడ్డలి పిడే.

మార్చి 19, బుధవారం

సాయంత్రం అందరం బల్ల దగ్గర ఉన్నప్పుడు చెప్పాను. ఎవరితోనో ప్రత్యేకంగా కాదు, గోడతో చెప్పినట్టు. ఆఫీసులో అంతా ఒప్పుకున్నాననీ, రేపు నిజం మనుషులతో పరీక్ష అనీ, అందులో తప్పితే ఉద్యోగం పోతుందనీ.

అమ్మాయి, "మరి ఇరవై మూడో ఆవిడ?" అంది.

"లేదని మేడంతో కూడా చెప్పాను."

మా ఆవిడ లేచింది. నేను పెట్టెకి బిగించిన చెక్క పిడి తీసి పట్టుకుంది. ఒకసారి ముందుకి తోసింది, ఒకసారి వెనక్కి లాగింది.

"ఇది ఎవరి చెయ్యి?" అంది.

"నాది."

"అదే అనుకున్నాను. గేదె డెక్క అయినా ఇంతకంటే సన్నంగా ఉంటుంది."

పద్నాలుగు రోజుల్లో నాతో నేరుగా మాట్లాడటం ఇది రెండోసారి. నేను మట్టి తడిపి తెచ్చాను. అమ్మాయి లేచి పుస్తకాలు అవతలి గదిలోకి తీసుకెళ్ళింది.

ఆవిడ పట్టుకుంటుంది, నేను చెక్కుతాను. "ఇక్కడ అరచేతి మొదట్లో ఎత్తుగా ఉంది. దుప్పట్లు చేసేటప్పుడు చెయ్యి లేపి ఉంచాలి, మణికట్టు గుంజేస్తుంది." చెక్కాను. "ఆ గీత బొటనవేలి కింద ఎవరు పెట్టమన్నారు? పక్కకి జరపండి." జరిపాను. "ముప్పై ఒకటి కాదు, ముప్పై రెండు చెయ్యండి. నాకు కీళ్ళు పట్టేస్తున్నాయి ఈ మధ్య."

ఆ సంగతి నాకు తెలియదు. ఎప్పటినుంచి అని అడిగాను. "పోయిన చలికాలం నుంచి. ఎవరో ఒక నంబరు కింద రాసుకోండి" అంది.

పని పూర్తయ్యాక చేతులు కడుక్కుని, "రేపు ఏమంటారో నాకు ఫోను చెయ్యండి" అంది. "వాళ్ళన్నది అన్నట్టు."

మార్చి 20, గురువారం

పొద్దున ఆకురాయి రెండు గంటల్లో కొత్త పిడి చెక్కతో చేసిచ్చాడు. మట్టి చూసి, "గాటు తిరిగొచ్చింది" అని మాత్రం అన్నాడు. మేనేజరు రెండు పిడులూ పెట్టమంది, నాదీ, మా ఆవిడదీ. ఏది ఎవరిదో హాల్లో వాళ్ళకి చెప్పలేదు.

నలభైమంది. నిజమైనవాళ్ళు. ఇంతమంది ఉంటే ఇంత చప్పుడుంటుందని నా రిపోర్టుల్లో ఎక్కడా లేదు. ఒకరు చూస్తుంటే పదిమంది సలహాలిచ్చారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

నా పిడి పట్టుకుని ఒక లావుపాటి ఆవిడ, "దీంతో దొంగని కొట్టొచ్చు" అంది. అందరూ నవ్వారు. నోరు తెరవబోతే మేనేజరు చూసింది.

లెక్క ఇది. మా ఆవిడ పిడి బాగుందన్నవాళ్ళు ఇరవై ఆరు. నాది బాగుందన్నవాళ్ళు నలుగురు. రెండూ వద్దన్నవాళ్ళు పదిమంది. ఆ పదిమందిలో ఆరుగురిది ఎడమచెయ్యి. వాళ్ళలో పొడుగాటి ఆవిడ ఒకామె మా ఆవిడ పిడిని పట్టుకుని, "ఇది చేసినవాళ్ళకి ఎడమచెయ్యి లేదా?" అంది. ఉందని చెప్పాలనిపించింది.

మేనేజరు నన్ను పక్కకి పిలిచింది. "ఇరవై ఆరు. సగం దాటింది. కాగితం చించెయ్యండి" అంది. "కానీ పదిమందికి నచ్చని పిడిని అచ్చుకి పంపను. వారం రోజులు ఆపుతాను. సరిచెయ్యండి. ఇకనుంచి రిపోర్టులు నేను రాస్తాను. తలుపు మీద 'ప్రధాన డిజైనరు' బోర్డు కూడా తీసేయిస్తున్నాను." అలాగే మేడం అన్నాను. ఈసారి ఎందుకన్నానో తెలుసు.

ఇంటికి ఫోను చేశాను. "ఇరవై ఆరుమంది బాగుందన్నారు."

"మిగతావాళ్ళు?"

"నలుగురు నాది..."

"వాళ్ళని వదిలెయ్యండి. మిగతావాళ్ళు?"

"పదిమంది రెండూ వద్దన్నారు."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడింది.

"నాది వద్దన్నారా?" అంది. "ఏమన్నారు? అన్నది అన్నట్టు చెప్పండి."

చెప్పాను. ఎడమచెయ్యి మాట కూడా చెప్పాను.

"ఎవరావిడ? ఎప్పుడుంటుంది అక్కడ?"

మార్చి 22, శనివారం

మా ఆవిడ స్కూలుకి సెలవు పెట్టి ఫ్యాక్టరీకి వచ్చింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి. గేటు దగ్గర ఎవరు కావాలని అడిగితే నా పేరు చెప్పలేదు, ప్యాకింగు హాలు అంది.

పొడుగాటావిడా, ఈవిడా ఎదురెదురుగా బల్లకి చెరో వైపు కూర్చున్నారు. మధ్యలో మట్టి. మొదటి పావుగంట పోట్లాటే. "మీరు పట్టుకోవటమే తప్పు" అని ఈవిడంటే, "నేను పుట్టినప్పటినుంచీ ఇలాగే పట్టుకుంటున్నాను, మీరు ఇప్పుడొచ్చారు" అని ఆవిడంది. తరవాత మా ఆవిడ మట్టిని ఎడమచేత్తో తీసుకుని, లేని చొక్కా మీద అయిదు నిమిషాలు ఇస్త్రీ చేసింది. ఆపి, బొటనవేలు చూసుకుంది. "నిజమే" అంది. ఆ మాట ఆవిడ నోటివెంట నేను మూడుసార్ల కంటే ఎక్కువ వినలేదు.

తరవాత ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని ఏదో మొదలుపెట్టారు. బొటనవేలు ఆనే గుంటని రెండు వైపులా పెట్టటమా, అసలు తీసెయ్యటమా అని. లావుపాటావిడ కూడా చేరింది. నేను చెక్కే కత్తి పట్టుకుని నిలబడ్డాను. ఒకసారి రెండు వైపులా పెడితే అచ్చు ఖరీదు పెరుగుతుందని చెప్పబోయాను. ముగ్గురూ ఒకేసారి తలెత్తి చూశారు. మళ్ళీ పనిలో పడ్డారు.

మేనేజరు వచ్చి కాసేపు వెనక నిలబడింది.

"ఎప్పటికవుతుంది?" అని అడిగింది. నన్ను కాదు.

"బుధవారానికి" అంది మా ఆవిడ, తలెత్తకుండానే. కత్తి కోసం చెయ్యి చాపింది. ఇచ్చాను.